పుట్టిలో కూర్చుని గాలం వేసేవాళ్లకు సోనార్ ట్రాన్స్‌డ్యూసర్ ఎంచుకునే పద్ధతి

చేపల సోనార్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చిన ప్రతిధ్వనితో కింద ఏముందో తెర మీద చూపే యంత్రం, కొనడానికి వెళ్లినవాళ్లు ముందు తెర ఎన్ని అంగుళాలో అడుగుతారు. తెర ఐదు అంగుళాలున్నా తొమ్మిది అంగుళాలున్నా, అది చూపేది నీళ్లలోకి దిగి శబ్దం పంపి వినే ముక్క, అంటే ట్రాన్స్‌డ్యూసర్, విన్నదాన్నే. అందుకే ముందు ట్రాన్స్‌డ్యూసర్ తేల్చుకుని, దానికి సరిపోయే తెర తర్వాత చూసుకోవాలి.

నేరెడుగొమ్ము, చందంపేట వైపు సాగర్ బ్యాక్ వాటర్‌లోనైనా, కొల్లాపూర్ దగ్గర సోమశిలలోనైనా, డిండి, కోయిల్‌సాగర్, జూరాలలోనైనా గాలం వేసేది చాలావరకు పుట్టిలోంచో చిన్న ఫైబర్ పడవలోంచో. మార్కెట్లో సోనార్‌తో పాటు మామూలుగా వచ్చే ట్రాన్స్‌డ్యూసర్ మోటారు పడవ వెనక చెక్కకు స్క్రూలతో బిగించేది. పడవ పరుగెత్తుతుంటే అడుగున నీళ్లు సాఫీగా జారాలని దాని ఆకారం అలా చేస్తారు. పుట్టికి వెనకా లేదు, ముందూ లేదు. గుండ్రంగా తిరుగుతుంది, ఒకచోట నిలబడుతుంది. దానికి ఆ ముక్క నప్పదు.

నప్పేది మనం ఊహించని చోట ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో, కెనడాలో, ఫిన్లాండ్‌లో చలికాలం చెరువులు గడ్డకడతాయి. మంచు కనీసం నాలుగు అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్ల మందం కట్టాక జనం దాని మీదికి నడిచి వెళ్తారు. ఎనిమిది అంగుళాల రంధ్రం తొలిచి, అందులోంచి గాలం, పక్కనే ట్రాన్స్‌డ్యూసర్ దింపి కూర్చుంటారు. కదలరు, నిటారుగా కిందికే చూస్తారు, తమ ఎర దగ్గరికి చేప వస్తోందా లేదా అన్నది తెర మీద కనిపెడతారు. లంగరు వేసిన పుట్టిలో మన పనీ అదే. కాబట్టి వెతకాల్సిన మాట ‘ఐస్ ఫిషింగ్ ట్రాన్స్‌డ్యూసర్’. గార్మిన్, లోరెన్స్, హమ్మిన్‌బర్డ్, వెక్సిలార్ అన్నీ ఈ రకం చేస్తాయి. కేబుల్‌కే వేలాడుతూ తనంతట తానే నిటారుగా నిలిచేలా బరువు సరిచూసి చేసిన చిన్న ముక్క అది.

లోపల జరిగేది

ట్రాన్స్‌డ్యూసర్‌లో ఒక పింగాణీ బిళ్ల ఉంటుంది. కరెంటు పెడితే అది కంపించి శబ్దం పంపుతుంది, తిరిగొచ్చిన శబ్దం తాకితే మళ్లీ కరెంటు పుట్టిస్తుంది. 30 డిగ్రీల మంచినీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1509 మీటర్లు పోతుంది. 15 మీటర్ల లోతుకు వెళ్లి రావడానికి సెకనులో యాభయ్యో వంతు చాలు. మంచు కింద నీళ్లు సున్నాకు దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ వేగం 1403 దాకా పడిపోతుంది. మంచు కోసం చేసిన యంత్రాన్ని ఎండాకాలం మన నీళ్లలో పెడితే లోతు లెక్క కొద్ది శాతం తేడా రావచ్చు. ఎర, చేప, అడుగు మూడింటికీ అదే తేడా వస్తుంది కాబట్టి గాలం పనికి ఇబ్బంది లేదు.

శబ్దాన్ని గట్టిగా తిప్పికొట్టేది చేప మాంసం కాదు, దాని కడుపులోని గాలితిత్తి. బొచ్చె, రవ్వ, మ్రిగాల, బంగారుతీగ అందుకే బాగా కనిపిస్తాయి. రొయ్యకు గాలితిత్తి లేదు, దాని జాడ చాలా పలచన. ఇక కొర్రమీను కోసమే సోనార్ కొంటామనేవాళ్లు ఆగాలి. అది లోతు తక్కువ నీళ్లలో, తుంగలో, నాచులో ఉండే చేప. గడ్డిలో శబ్దం చిక్కుపడి తెరంతా ఒకటే మరక అవుతుంది. ఆ వేటకు కన్నే మేలు.

శంకువు కోణం: అసలు లెక్క ఇదే

ట్రాన్స్‌డ్యూసర్ నుంచి శబ్దం శంకువు ఆకారంలో కిందికి విచ్చుకుంటుంది. ఆ కోణం తెలిస్తే ఎంత మేర చూస్తున్నారో లెక్కకట్టవచ్చు. లోతును 9 డిగ్రీలకు 0.16తో, 12 డిగ్రీలకు 0.21తో, 20 డిగ్రీలకు 0.35తో, 45 డిగ్రీలకు 0.83తో, 60 డిగ్రీలకు 1.15తో గుణించండి. వచ్చేది ఆ లోతులో వృత్తం అడ్డుకొలత. 10 మీటర్ల లోతులో 20 డిగ్రీలదైతే మూడున్నర మీటర్ల వృత్తం చూస్తుంది, 60 డిగ్రీలదైతే పదకొండున్నర మీటర్లు.

వెడల్పు ఎక్కువైతే చేపలు ఎక్కువ కనిపిస్తాయి కదా అనిపిస్తుంది. కనిపిస్తాయి. కానీ అవి మీ గాలానికి ఐదు మీటర్ల అవతల ఉండొచ్చు, తెర మాత్రం మీ కిందే ఉన్నట్టు చూపుతుంది. సోనార్‌కు దూరం తెలుసు, దిక్కు తెలియదు. ‘చేపలు కనిపిస్తున్నాయి, ఒక్కటీ కొరకదు’ అన్న గోడు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. తక్కువ ధరకు దొరికే చిన్న సోనార్ పెట్టెల్లో (తెర ఉండే యంత్రాల్లో) చాలావాటికి 45 డిగ్రీల కోణం ఉంటుంది. 20 మీటర్ల లోతులో అది పదహారున్నర మీటర్ల వృత్తం. ఒడ్డు పక్కన లోతు ఎంతో తెలుసుకోవడానికి పనికొస్తుంది, ఎర చుట్టూ ఏం జరుగుతోందో చూడ్డానికి పనికిరాదు.

వెడల్పు కోణానికి ఇంకో లోపం ఉంది, అది ఇంకా ముఖ్యం. యంత్రం అడుగుగా లెక్కించేది తనకు అన్నింటికంటే దగ్గరున్న నేలను. శంకువు అంచున నేలకు ఆనుకుని ఉన్న చేప అంతకంటే ఎక్కువ దూరంలో ఉంటుంది కాబట్టి, దాని జాడ అడుగు గీతలో కలిసిపోతుంది. 20 మీటర్ల చదును నేల మీద 20 డిగ్రీల శంకువు అంచున ఇలా కనిపించకుండా పోయే పొర 30 సెంటీమీటర్లు. 60 డిగ్రీలదైతే 2.7 మీటర్లు. మ్రిగాల అడుగున మేసే చేప. అది మొత్తం ఆ పొరలోనే ఉండిపోతుంది.

నేల ఏటవాలైతే నష్టం ఇంకా పెరుగుతుంది. సాగర్, శ్రీశైలం వెనక నీళ్లు నల్లమల లోయల్లో నిలిచినవి. ఒడ్డు నుంచి నాలుగు బారలు పోతే గుట్ట వాలు మీద ఉంటారు. 30 డిగ్రీల వాలు మీద నిటారుగా 20 మీటర్లున్నచోట, 20 డిగ్రీల శంకువు గుట్ట పైవైపు అంచును ముందుగా తాకి అడుగు 18.4 మీటర్లని చూపుతుంది. మీ ఎర కిందున్న చివరి మీటరున్నర మాయం. 9 డిగ్రీలదైతే ఆ నష్టం 80 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మునిగిన చెట్ల మోళ్ల మధ్య కూడా ఇంతే, సన్నటి శంకువు కొమ్మల సందులోంచి దూరుతుంది.

మరి అన్నిచోట్లా 9 డిగ్రీలే కొనాలా? వద్దు. లోతు తక్కువచోట అది మరీ సన్నం. ట్రాన్స్‌డ్యూసర్‌కు 40 సెంటీమీటర్ల పక్కన గాలం దారం దింపారనుకోండి. 20 డిగ్రీల శంకువులోకి ఎర 2.3 మీటర్ల లోతుకే వస్తుంది. 9 డిగ్రీల దాంట్లోకి రావడానికి 5 మీటర్లు దాటాలి. నాలుగు మీటర్ల నీళ్లలో ఇక ఎర కనిపించనే కనిపించదు.

కాబట్టి కొనేముందు మీరు గాలం వేసే చోట్ల లోతు కొలవండి. మీటరుకో ముడి వేసిన తాడు, అరకిలో రాయి చాలు. పది మీటర్లు దాటని చదును నీళ్లైతే 16 నుంచి 24 డిగ్రీల మధ్యది తీసుకోండి. పదిహేను మీటర్లు పైబడిన లోయ, వాలు, మోళ్లు ఎక్కువైతే 9 నుంచి 12 డిగ్రీలు. రెండూ తిరిగేవాళ్లు ఒకే ముక్కలో రెండు కోణాలు మార్చుకునేది చూసుకోవాలి, ఇక్కడ కాస్త ఎక్కువ పెట్టినా వృథా కాదు. సాగర్‌లో లోతు కొలిచిన నెల కూడా రాసుకోండి. నిండు మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. మట్టం 40 అడుగులు దిగితే అదే మోడు మీద 12 మీటర్ల నీళ్లు తగ్గినట్టు.

కోణం అంకెలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీలు శబ్దం బలం సగానికి తగ్గేచోట, అంటే మైనస్ 3 డెసిబెల్స్ దగ్గర కొలుస్తాయి. కొన్ని పదోవంతుకు తగ్గేచోట, మైనస్ 10 దగ్గర కొలుస్తాయి. అదే ముక్క రెండో పద్ధతిలో వెడల్పుగా కనిపిస్తుంది. ఒకే పద్ధతిలో కొలిచిన అంకెలనే పక్కపక్కన పెట్టాలి.

ఫ్రీక్వెన్సీ

ఫ్రీక్వెన్సీ అంటే శబ్దం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది. మన లోతులకు 200 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలది సరిపోతుంది. దాని తరంగం పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు, చిన్న ఎరను కూడా పట్టిస్తుంది. 83 కిలోహెర్ట్జ్‌ది ఇంకా లోతుకు పోతుంది గానీ దాంతో మామూలుగా వెడల్పు శంకువే వస్తుంది, చెప్పుకున్న నష్టాలన్నీ వెంటే వస్తాయి. 455, 800 కిలోహెర్ట్జ్ చిత్రం గీసినట్టు చూపుతాయి. అయితే వరద దిగిన కొత్తలో ఎర్రనీళ్లలో ఒండ్రు, నురగ ఎక్కువుంటే ముందు తడబడేవి అవే.

డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ అన్న పేర్లకు ఎక్కువ డబ్బు పెట్టకండి. పడవ ఒకే వేగంతో ముందుకు సాగుతుంటే సన్నటి ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి బొమ్మ కట్టే పద్ధతి అది. నిలబడిన పుట్టిలో అదే ముక్క మళ్లీమళ్లీ వచ్చి తెరంతా సాగదీసిన గీతలే మిగులుతాయి. పుట్టి గుండ్రంగా తిరిగిందంటే ఏది ఎటువైపో కూడా తెలియదు. నిలబడి ఉండగానే కదిలే బొమ్మ చూపే లైవ్ సోనార్లు ఉన్నాయి. అవి నిజంగా గొప్పగా పనిచేస్తాయి, కానీ ధరా, బ్యాటరీ ఖర్చూ రెండూ ఎక్కువ.

డబ్బు పెట్టాల్సింది చర్ప్ మీద. పాత పద్ధతి సోనార్ ఒకే ఫ్రీక్వెన్సీలో చిన్న కూత వేస్తుంది. ఆ కూత సెకనులో పదివేలో వంతు ఉంటే, ఏడున్నర సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువులు తెర మీద ఒక్కటైపోతాయి. ఎర పక్కకు చేప వచ్చినా తెలియదు. చర్ప్ పద్ధతి 150 నుంచి 240 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీని జార్చుతూ పంపుతుంది. లెక్క ప్రకారం అది సెంటీమీటరు తేడాను కూడా విడదీయాలి. నీళ్లలో అంత రాకపోయినా, ఎర గీత, చేప గీత వేరువేరుగా కనిపించడం మాత్రం ఖాయం. ఒక మాట, ట్రాన్స్‌డ్యూసర్, పెట్టె రెండూ చర్ప్‌వి అయితేనే లాభం.

వాట్ల అంకెలకు మోసపోవద్దు. పీక్ టు పీక్ అని రాసిన అంకెను ఎనిమిదితో భాగిస్తే అసలు పవర్ వస్తుంది. 4000 అని అట్ట మీదున్నది 500 వాట్లే. 30 మీటర్ల మంచినీళ్లకు 300 కూడా చాలు.

పిన్నులు, కేబుల్, బ్యాటరీ

ఆన్‌లైన్‌లో విడిగా ట్రాన్స్‌డ్యూసర్ తెప్పించుకునేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఒకే కంపెనీలో కూడా 4 పిన్నులవి, 8 పిన్నులవి, 12 పిన్నులవి ఉంటాయి. కొన్నింటికి అడాప్టర్ దొరుకుతుంది, అన్నింటికీ కాదు. ప్లగ్ దూరినంత మాత్రాన పనిచేస్తుందనీ లేదు, పెట్టెలోని సాఫ్ట్‌వేర్ ఆ ట్రాన్స్‌డ్యూసర్‌ను గుర్తించాలి. పెట్టె మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ పట్టికలో చూశాకే డబ్బు కట్టండి. కేబుల్ పొడవెక్కువైందని కోయవద్దు. లోపల అల్లిన కవచపు తీగ తెగి అతుకు పడితే బయటి రొద అంతా తెర మీదికి వస్తుంది. మిగిలింది చుట్టి పక్కన పెట్టుకోండి.

ఐదు అంగుళాల పెట్టె సుమారు అర ఆంపియర్ తీసుకుంటుంది. చిన్న యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీని సగం దాకానే వాడాలన్న నియమం పెట్టుకుంటే ఏడు గంటలు నడుస్తుంది. పాజిటివ్ తీగకు పుస్తకంలో చెప్పిన ఫ్యూజ్ తప్పక వేయండి, చిన్న పెట్టెలకు సాధారణంగా 3 ఆంపియర్లది. మోటారుకు, సోనార్‌కు ఒకే బ్యాటరీ వాడితే మోటారు తిరిగినప్పుడల్లా తెర మీద చుక్కలు రాలతాయి.

దించి కట్టే పద్ధతి

లంగరు వేసి నిలబడితే కేబుల్‌కే వేలాడదీయండి. ముందు ట్రాన్స్‌డ్యూసర్ ముఖాన్ని గిన్నెల సబ్బు చుక్కతో తుడిచి కడగాలి. పొడి ముఖానికి పట్టిన సన్నటి గాలి పొర శబ్దాన్ని అక్కడే ఆపేస్తుంది, మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించలేదంటే కారణం తరచూ ఇదే. తర్వాత పుట్టి పొట్ట ఎక్కడిదాకా మునిగిందో చూసి, దానికి మరో పది పదిహేను సెంటీమీటర్లు కిందికి దింపండి. పుట్టి అడుగు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి అంచు పక్కన పైపైన వేలాడదీస్తే శంకువు సగం ఆ పొట్టకే తగులుతుంది. దింపాక కేబుల్‌కు నీటి మట్టం దగ్గర అరచేతి మందం థర్మకోల్ ముక్క కట్టి ఆపండి. గాలం దారం దానికి వీలైనంత దగ్గరగా దింపండి.

గాలికి కొట్టుకుపోతూ వేటాడితే కేబుల్ వాలిపోతుంది, ట్రాన్స్‌డ్యూసర్ పక్కకు చూస్తుంది. 9 డిగ్రీల దానికి ఐదు డిగ్రీల వాలు చాలు, నిటారుగా దిగిన ఎర పూర్తిగా శంకువు బయట పడుతుంది. అప్పుడు మీటరున్నర గట్టి పీవీసీ పైపు చివర దాన్ని బిగించి, పైపును పుట్టి అంచు కర్రకు, లోపలి అడ్డచెక్కకు రెండుచోట్ల కట్టాలి. ఒక్కచోట కడితే లోలకంలా ఊగుతుంది. మనిషి ఒక పక్కకు జరిగితే పుట్టి ఒరుగుతుంది, పైపూ దాంతోపాటే ఒరుగుతుంది. కాబట్టి అందరూ తమ తమ చోట కూర్చున్నాకే నిటారు చూసి బిగించండి.

పడవ లోపలే అతికించి అడుగులోంచి చూడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. మధ్యలో నురగ పొర లేని గట్టి ఫైబర్ పడవైతే చూడొచ్చు. ముందు పడవ అడుగున నాలుగు చెంబుల నీళ్లు పోసి అందులో ట్రాన్స్‌డ్యూసర్ ఆనించి, బయట వేలాడదీసినప్పటి లోతుతో పోల్చండి. రెండూ కలిస్తేనే అతికించాలి. వెదురు అల్లి తారు పూసిన పుట్టిలో ఇది కుదరదు, అల్లిక సందుల్లో గాలి ఉంటుంది. థర్మకోల్ తెప్ప అంటే మొత్తం గాలే, దాని గుండా ఒక్క కూత కూడా దిగదు.

పరీక్ష, సెట్టింగులు

పది గ్రాముల సీసపు గుండు దారానికి కట్టి ట్రాన్స్‌డ్యూసర్ పక్కన మెల్లగా వదలండి. తెర మీద వాలుగా దిగే గీత అడుగుదాకా తెగకుండా రావాలి. ఐదారు మీటర్ల దగ్గర మాయమైతే ట్రాన్స్‌డ్యూసర్ ఒరిగింది లేదా అడుగున ప్రవాహం దారాన్ని లాగుతోంది. రోజూ వేట మొదలుపెట్టే ముందు ఈ రెండు నిమిషాల పని చేయాలి.

చేప బొమ్మలు చూపే సెట్టింగ్ ఆపేయండి. ఆకు, కొమ్మ, బుడగ దేనికైనా యంత్రం చేప బొమ్మే గీస్తుంది. లోతు రేంజ్ ఆటోలో వదలకుండా అడుగుకు ఒకటి రెండు మీటర్లు ఎక్కువ పెట్టండి. ఫ్లాషర్ లేదా ఏ స్కోప్ అనే నిలువు పట్టీ ఉంటే తెరిచి పెట్టుకోండి, ఈ క్షణం జరిగేది అందులోనే ఉంటుంది, మిగతా తెర అంతా జరిగిపోయింది. సెన్సిటివిటీని, అంటే బలహీనమైన ప్రతిధ్వనిని కూడా పట్టే శక్తిని, ఎర సన్నగా కనిపించేదాకా పెంచి అక్కడ ఆపండి. చేప అంటే విల్లు ఆకారం అని చాలామంది ఎదురుచూస్తారు. పడవ కదిలితేనో చేప శంకువును దాటిపోతేనో విల్లు వస్తుంది. నిలబడిన పుట్టి కింద నిలిచిన చేప పొడుగు గీతగా వస్తుంది. ఆ గీత ఎర గీత వైపు లేచిందంటే చేయి సిద్ధం చేసుకోవాలి.

తెర తప్పు చెప్పినట్టు అనిపిస్తే

అడుగుకు సరిగ్గా రెట్టింపు లోతులో రెండో అడుగు కనిపిస్తే అది శబ్దం రెండుసార్లు వెళ్లి రావడం. సెన్సిటివిటీ ఎక్కువైందనో, కింద బండరాయి ఉందనో అర్థం. సెన్సిటివిటీ మార్చకుండా జరిగి చూస్తే, రెండో గీత పోయినచోట బురద మొదలైనట్టు. ఇది లోపంలా కనిపించినా మంచి ఆనవాలు. ఎండాకాలం కుళ్లిన బురదలోంచి గ్యాస్ బుడగలు లేస్తాయి. అడుగు నుంచి పైదాకా వంపు లేకుండా ఒకే వాలుతో ఎక్కే గీతలు అవే. చేప అలా తిన్నగా పైకి రాదు. అడుగుకు అతుక్కుని ఎంతసేపైనా కదలనిది మోడు. పక్క పుట్టిలో కూడా 200 కిలోహెర్ట్జ్ సోనార్ నడుస్తుంటే తెరమీద అడ్డదిడ్డంగా చుక్కల గీతలు పడతాయి. బయటి రొదను తగ్గించే నాయిస్ రిజెక్ట్ సెట్టింగ్ పెంచండి, తగ్గకపోతే ఇద్దరిలో ఒకరు ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలి.

మీటరు లోపు నీళ్లలో ఏదీ నమ్మవద్దు. కూత ఆగిన తర్వాత కూడా బిళ్ల కాసేపు కంపిస్తూనే ఉంటుంది, ఆ సమయంలో వచ్చిన ప్రతిధ్వనిని అది వినలేదు.

తెర మీద చిన్న చేపపిల్లల గుంపు మబ్బులా కనిపిస్తే అక్కడి నుంచి జరగండి. సోనార్ చూసి ఆ గుంపు మీద సన్నకళ్ల అలివి వల తిప్పడం నిషేధం మాత్రమే కాదు, వచ్చే ఏడాది చేపను ఇప్పుడే చంపుకోవడం. జలాశయాల్లో వేటకు లైసెన్సు, చెరువుల్లో అక్కడి మత్స్య సహకార సంఘం అనుమతి అడిగి తీసుకోండి. లోయల్లో మధ్యాహ్నం దాటాక గాలి లేస్తే పుట్టి తెడ్డుకు లొంగదు, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

ఒడ్డుకు వచ్చాక ట్రాన్స్‌డ్యూసర్‌ను మంచినీళ్లతో కడిగి మెత్తటి గుడ్డతో తుడవండి. ముఖానికి పట్టిన నాచును చాకుతో గీకకూడదు, సబ్బునీళ్లలో నానబెట్టి తుడవాలి. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వవద్దు, ప్లాస్టిక్ ముఖం పాడవుతుంది. కేబుల్‌ను మోచేతికి బిగించి చుట్టకుండా రెండు జానల వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టి, ప్లగ్‌ను పొడిగుడ్డలో పెట్టి, ఎండ తగలని చోట వేలాడదీయండి.